ఆదివాసీ బాలల మాతృభాషా విద్య

ఇంట్లో సవర, కువి, గోండి వంటి భాషలు మాట్లాడే పిల్లలకు తొలి తరగతుల్లో వాళ్ల భాషలోనే చదువు మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకి, ఆపై ఇంగ్లీషులోకి తీసుకువెళ్లే పద్ధతికి మాతృభాషాధారిత బహుభాషా విద్య అని పేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇది 2004లో మొదలైంది. పిల్లల భాషకూ ఇంటికీ ఆచారానికీ తరగతి గదిలో చోటివ్వడానికి తెలుగు రాష్ట్రాల్లో జరిగిన ప్రయత్నాల్లో ముఖ్యమైనది ఇదే.

తొలి ప్రయత్నాలు

ఈ ఆలోచనకు మన దగ్గర నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకు వద్దన్నారు. ఆ సొమ్ముతో సవరలకు సవరలోనే చదువు చెప్పే బడి పెట్టమన్నారు. సవర భాషా వివరణ గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఏటా ఆగస్టు 29న ఆయన పేరుతో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. సవర పిల్లల కోసం ఆయన పడ్డ పాటు మాత్రం ఆ సభల్లో రావలసినంతగా ప్రస్తావనకు రాదు.

రెండో ప్రయత్నం నిజాం రాజ్యంలో జరిగింది. 1940లో కుమ్రం భీము పోరాటం రక్తపాతంతో ముగిశాక, మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఆదిలాబాదు గోండుల మధ్య పనిచేశారు. 1943లో మార్లవాయి గ్రామం కేంద్రంగా గోండు విద్యా పథకం మొదలైంది. అక్కడ ముందు గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారు చేశారు. గోండి వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చువేశారు.

ఎనిమిది భాషలు

2004లో ఎంచుకున్న భాషలు ఎనిమిది: సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా. వీటిలో కువి, కొండ, కోయ, గోండి, కొలామి ద్రావిడ కుటుంబానివి. తెలుగుకు చుట్టాలే అయినా తెలుగు పాఠం దానంతట అదే అర్థమయ్యేంత దగ్గరివి కావు. ఆదివాసీ ఒరియా, బంజారా ఇండో-ఆర్య భాషలు. సవర ముండా శాఖకు చెందింది కాబట్టి తెలుగుతో దానికి ఏ బంధుత్వమూ లేదు. పుస్తకాలన్నీ తెలుగు లిపిలోనే వచ్చాయి. పిల్లవాడు అక్షరాలు ఒకసారి నేర్చుకుంటే చాలు, అవే తెలుగు చదవడానికీ పనికొస్తాయన్నది దీని వెనుక లెక్క. మూడేళ్ల తరువాత, 2007లో, ఒడిశా పది భాషల్లో ఇలాంటి కార్యక్రమం చేపట్టింది.

అయితే లిపి అంటే అక్షరాల సౌకర్యం ఒక్కటే కాదు. సవరలకు 1936లో మంగెయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి ఉంది. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల ఆధారంగా గుంజాల గోండి లిపి వెలుగులోకి వచ్చి, 2018లో యూనికోడ్‌లో చేరింది. తమ లిపిలోనే వాచకం కావాలని అడిగేవారి మాటలో న్యాయముంది. తెలుగు లిపి చాలనేవారి మాటలోనూ ఉంది.

భాష మార్చినంత మాత్రాన పాఠం పిల్లవాడిది అయిపోదని లెక్కల దగ్గర తెలుస్తుంది. సవర సంప్రదాయ లెక్కింపు పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడంటే పన్నెండూ ఒకటీ. ముప్ఫై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఇంట్లో తాత లెక్కపెట్టేది ఇలా ఉంటే, బడిలో పదుల కట్టలు, ఒకట్ల పుల్లలు ముందు పెట్టి స్థానవిలువ చెబుతారు. ఇంటి లెక్క తెలిసిన టీచరు రెండింటినీ పలక మీద పక్కపక్కన రాసి చూపగలరు. తెలియని టీచరు ఆ పిల్లకు లెక్కలు రావని రిజిస్టరులో రాసేస్తారు.

ఇల్లు, ఊరు

సంతలో అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు అమ్ముకునే ఇంటి పిల్లకు కట్టల లెక్కా బేరమూ బడికి రాకముందే వచ్చు. ఇలాంటి ఇంటి విద్యను పాఠానికి వాడుకోవడం మీద అమెరికాలో, అరిజోనాలోని టూసాన్‌లో, లూయిస్ మోల్ బృందం చేసిన పరిశోధన 1992లో వెలువడింది. అక్కడ ఉపాధ్యాయులు మెక్సికన్ మూలాలున్న కుటుంబాల ఇళ్లకు వెళ్లి వ్యవసాయం, ఇళ్ల నిర్మాణం, మూలికా వైద్యం వంటి వాటిలో వాళ్లకున్న జ్ఞానాన్ని తెలుసుకుని పాఠాల్లోకి తెచ్చారు. మన ఏజెన్సీలో టీచరు గడప గడపకూ తిరిగేది ఎక్కువగా బడి ఈడు పిల్లల లెక్క కోసమే.

సెలవుల సంగతీ అంతే. బడి సెలవులు దసరా, సంక్రాంతి చుట్టూ అల్లుకుని ఉంటాయి. విశాఖ ఏజెన్సీ ఇటుకల పండుగకూ, పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకూ ఇంటిల్లిపాదీ వెళితే హాజరు పట్టీలో పడేది గైర్హాజరే. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పిల్లల చేత ధింసా ఆడించి, మర్నాడు తరగతిలో ఆ భాష మాట్లాడొద్దనడం గౌరవం కింద జమకాదు.

చట్టం, మాధ్యమం, ఉపాధ్యాయులు

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సౌకర్యం కల్పించాలంటుంది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషే బోధన మాధ్యమం కావాలంటుంది. 2020 జాతీయ విద్యా విధానం వీలున్నచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాష ఉండాలని చెప్పింది. రాష్ట్రాల నడక మరోవైపు సాగింది. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో ప్రభుత్వ బడులకు ఇంగ్లీషు మాధ్యమం ప్రకటించగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. తెలంగాణ 2022–23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టింది. ఈ వాదంలో ఆదివాసీ తల్లిదండ్రులు ఒకే పక్కన లేరు. ‘మా భాష మాకు వచ్చుగదా, బడిలో ఇంకోటి నేర్పండి’ అనేవారికి కొట్టిపారేసే జవాబు ఇవ్వకూడదు. ఇంటి భాషలో పునాది పడితే ఇంగ్లీషూ తేలికవుతుందని తరగతిలో చేసి చూపించాలి.

చేసి చూపించవలసినవారు ఆ ఇంటి భాష వచ్చిన ఉపాధ్యాయులు. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 జనవరి నాటి జీవో 3ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషను చెల్లదన్నది తీర్పు. ఆ జీవోకు బదులుగా కొత్త చట్టం తేవాలని రెండు రాష్ట్రాల్లోనూ ఆదివాసీ సంఘాలు డిమాండ్ చేస్తూ వచ్చాయి.