పామ్ పైలట్ నుంచి గూగుల్ ఫోటోస్ దాకా: సింక్ వేరు, బ్యాకప్ వేరు

2022 జులై వరద గుర్తుంది కదా? ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక ఊళ్ల నుంచి పడవెక్కే మనిషి చేతిలో ఫోను, ఓ సంచీ మిగిలితే గొప్పే. ఆ ఫోనూ నీళ్లలో పడిందనుకోండి. అందులోని పొలం కాగితాల ఫోటోలు, పిల్లల వీడియోలు ఏమవుతాయి? ఈ ప్రశ్న మన ఫోన్ల కంటే పాతది.

1996 నవంబర్ 6న కోనసీమని తుఫాను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టం. అదే ఏడాది అమెరికాలో పైలట్ అనే జేబు కంప్యూటర్ వచ్చింది. జనం నోట్లో అది పామ్ పైలట్ అయింది. పైలట్ 1000 మోడల్‌లో మెమరీ 128 కేబీ. మీ ఫోన్ కెమెరా తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు!

దాంట్లో డేటా అంతా ర్యామ్‌లోనే ఉండేది. రెండు సన్న బ్యాటరీలు పూర్తిగా అయిపోతే నంబర్లు, నోట్సు అన్నీ మాయం. అందుకే పెట్టెలోనే ఒక స్టాండు ఇచ్చేవారు. దాన్ని పీసీకి కలిపి, పైలట్‌ని అందులో నిలబెట్టి, బటన్ నొక్కాలి. దాన్నే హాట్‌సింక్ అన్నారు. మన ఆర్టీసీ కండక్టర్ డ్యూటీ దిగాక డిపోలో టికెట్ మిషన్ అప్పజెబితే లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి చూడండి, ఇంచుమించు అలాంటిదే.

సెటప్‌లో అసలు మెలిక ఇక్కడుంది. ఒక్కో యాప్‌కీ మీరే చెప్పాలి: రెండువైపులా కలపాలా, పీసీలోది మిషన్‌లోకి వెళ్లాలా, మిషన్‌లోది పీసీలోకి రావాలా, అసలేం చేయొద్దా. తిరగేసి పెడితే పాతది వచ్చి కొత్తదాన్ని చెరిపేస్తుంది. పైగా ప్రతి ఫైల్ మీదా "దీన్ని కాపీ తియ్యి" అని ఒక గుర్తుండాలి. ఆ గుర్తు పెట్టని యాప్‌ల డేటా పీసీకి వెళ్లేది కాదు. ఆ లోటు చూసే బ్యాకప్‌బడ్డీ లాంటి సాఫ్ట్‌వేర్‌లు పుట్టాయి. అవి మొత్తం ఎత్తి దాచేవి. తర్వాత మెమరీ కార్డులొచ్చాక, కార్డులోకే బ్యాకప్ తీసుకునే పద్ధతీ వచ్చింది. బ్యాటరీ చచ్చిపోతే అది చాలు. కానీ మిషనే గోదాట్లో పడితే కార్డూ దాంతోపాటే కదండీ పోయేది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి. పామ్‌లో ఏదైనా డిలీట్ చేస్తే, "పీసీలో ఒక కాపీ ఉంచమంటారా?" అని టిక్ పెట్టుకునే చిన్న గడి వచ్చేది. అంటే సింక్ వేరు, దాచుకోవడం వేరు అని వాళ్లకి అప్పుడే తెలుసు.

ఇప్పుడు మీ గూగుల్ ఫోటోస్ తెరవండి. బ్యాకప్ ఆన్‌లో ఉన్న ఫోటోని మామూలుగా డిలీట్ కొడితే ఫోన్లోదీ, క్లౌడ్‌లోదీ రెండూ ట్రాష్‌లోకి పోతాయి. 60 రోజులు దాటితే ఇక రావు. ఫోన్లో చోటు కోసమైతే డిలీట్ కాదు, "ఫ్రీ అప్ స్పేస్" నొక్కాలి. అది క్లౌడ్‌లో కాపీ ఉన్నవాటినే ఫోన్లోంచి తీసేస్తుంది, క్లౌడ్ జోలికి పోదు.