పిల్లలమఱ్ఱి: ఒక గ్రామము, దాని వసతులు

రాజుల చరిత్రము వ్రాయువారికి గ్రామమనగా శాసనము దొరకిన చోటు మాత్రమే. ఆ గ్రామముననే పుట్టి, పొలము దున్ని, అక్కడనే కన్నుమూసినవారికి మాత్రము నీరెక్కడనుండి వచ్చెను, బాట యెటు పోయెను, గుడిలో దీపమెవరు వెలిగించిరి యనునదియే చరిత్రము. సూర్యాపేటకు అనతిదూరముననున్న పిల్లలమఱ్ఱిని ఈ దృష్టితో పరిశీలించినచో, ఎనిమిదివందల యేండ్లలో వసతు లెన్నివిధముల మారినను, కట్టించిన వైభవముకంటె కాపాడుటకు చేసిన యేర్పాటే వాని యాయువును నిర్ణయించినదని తేటపడును.

కాకతీయులకు సామంతులైన రేచర్ల రెడ్లు ఆమనగల్లు, పిల్లలమఱ్ఱి సీమల నేలిరి. వీరి వంశములోని మఱియొక శాఖకు చెందిన రేచర్ల రుద్రుడే 1213లో పాలంపేటలో రామప్పగుడిని నిలిపినవాడు. పిల్లలమఱ్ఱిలో శకవర్షము 1117, అనగా క్రీ.శ. 1195 నాటి కాకతీయ రుద్రదేవుని కాలపు శాసనమును, 1208 నాటి గణపతిదేవుని కాలపు శాసనమును ఉన్నవి. ఈ రేచర్ల వంశపువారిలో నామిరెడ్డి పేర నామేశ్వరాలయము, బేతిరెడ్డి భార్య యెఱకసాని పేర ఎఱకేశ్వరాలయము వెలసినవి. నామేశ్వరాలయపు దూలముపై దేవదానవులు క్షీరసాగరమును మథించు చిత్రము చాలవఱకు చెరిగిపోయి, గీతలుగా మాత్రమే మిగిలియున్నది. ఈ గుడుల నల్లరాతి స్తంభములు నేటికిని నునుపు తఱుగక మెఱయుచున్నవి. వానిలో కొన్నింటిని వ్రేలితో తట్టినచో కంచు మ్రోగినట్లు పలుకును.

ఆ కాలమున గుడి యొక పూజాస్థానము మాత్రమే కాదు. నైవేద్యమునకు వరి కావలెను, వరికి చెఱువు కావలెను, చెఱువునకు కట్ట, తూము, అలుగు కావలెను. కావుననే తటాకనిర్మాణమును, మనుష్యుని పేరు నిలుపునవైన సప్తసంతానములలో నొకటిగా పెద్దలు పరిగణించిరి. దాతలు గుడి కట్టి యూరకుండక, అంగరంగభోగములకును, నిత్యదీపమునకును, గుడి కొలువుచేయువారి జీవనమునకును భూములు విడిచిపెట్టి, ఆ సంగతిని రాతిపై చెక్కించుట పరిపాటి. చెఱువు బాగుచేయువానికి పంటలో పదియవపాలు దక్కునట్లు చేసిన దశబంధమను మాన్యపద్ధతియు తెలుగుదేశమున చిరకాలము నడచినది. తూము తెఱచి మడిమడికి నీరు పంచెడి నీరటివాడు ఆ యేర్పాటునకు చివరి కొస.

కాకతీయరాజ్యము 1323లో పడిపోయినను చెఱువులు పోలేదు. గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు వర్తకులు నడచిన బాట యీ సీమమీదుగనే సాగెను. నేడు హైదరాబాదు, సూర్యాపేట, కోదాడ, విజయవాడలను కలుపు రహదారియు దాదాపు ఆ దిక్కుననే పోవుచున్నది. అయితే నిజాము కాలమున దొరల పెత్తనము పెరిగి, ఊరి సేవలు వెట్టిగా మాఱినవి. పని మిగిలెను, పనికి తగిన ప్రతిఫలము పోయెను. 1946 మొదలు 1951 వఱకు నల్లగొండసీమను కుదిపిన సాయుధపోరాటమునకు వెట్టి యొక ముఖ్యకారణము. ఆ పోరాటమునకు చాల ముందే, పొరుగున కోదాడకు చేరువలో, నిజాము రాజ్యము నడుమ మద్రాసు రాజధాని పాలనలో ద్వీపమువలెనున్న మునగాల పరగణా జమీందారు నాయని వేంకటరంగారావును, ఆయన దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమను గ్రంథాలయము వెలయుటకు తోడ్పడిరి. ఊరికి గ్రంథాలయమును నీటివలెనే అవసరమైన వసతియని తెలంగాణము గుర్తించుటకు అది నాంది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలుటతో, ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిపొలములతోను, బియ్యపుమిల్లులతోను నిండినవి. సూర్యాపేట పరిసరములకు మూసీ జలాశయము ఆధారమయ్యెను. సాగునీరు వచ్చినను, అప్పటి నల్లగొండ జిల్లాలో పలుచోట్ల బావినీటిలోని ఫ్లోరైడు మనుష్యుల యెముకలను వంచుచుండెను. పటిక, సున్నము కలిపి ఆ దోషమును తొలగించు విధానమునకు నల్లగొండ పేరే పెట్టబడినది; కాని దినదినమును కలిపి, తేర్చి, వడకట్టువారు లేనిచోట అది నిలువలేదు. తరువాత 2015లో చెఱువుల పూడిక తీయించు మిషన్ కాకతీయ, 2016లో ఇంటింటికి కుళాయినీరు తెచ్చు మిషన్ భగీరథ ఆరంభమైనవి. సూర్యాపేట ప్రత్యేకజిల్లా యైనదియు ఆ 2016లోనే, అక్టోబరు 11న.

నేడు గొట్టమును వేయుట తేలిక, దానిని కాచుట కష్టము. కుళాయి పగిలిన ఎవరు మూయవలెను, పూడిక మరల చేరిన ఎవరు తీయవలెను, అందుకు ఏటేట ధనమెక్కడిది యను ప్రశ్నలకు నాటి దాతలు తమ దానములోనే సమాధానము చెప్పిరి. నాటి వ్యవస్థలోని అసమానత మనకు వలదు, కాపాడు యేర్పాటు మాత్రము కావలెను. పథకపు శిలాఫలకముపై ప్రారంభించినవారి పేర్లతోపాటు దాని పోషణ కేర్పఱచిన ఆదాయమును, అందుకు బాధ్యుడైన యుద్యోగిని కూడ పేర్కొన్ననాడు, ఆ ఫలకమును శాసనమని పిలుచుటకు అర్హత కలుగును.