బేజారు: ఒక మాట కథ

పరీక్షాపత్రము చేతికందిన విద్యార్థికి తొలిప్రశ్నయే తెలియనిది కావచ్చును. దానిని చూచి, తెలిసిన తక్కిన సమాధానములను గూడ మరచి, కలము పట్టుకొని అట్లే కూర్చుండిపోవును. ఇల్లు చేరిన వానిని తండ్రి “పిరికివాడు” అనును. తల్లి “పాపము, బేజారెత్తిపోయినాడు” అనును. ఈ రెండు మాటలకును భేదము చాల కలదు.

బేజారు పారసీక పదము. ఆ భాషలో దీనికి విసిగినవాడు, విముఖుడు అని అర్థము. హిందూస్థానీలోను విసుగే ప్రధానము. కన్నడిగులు ‘బేజారు’ అన్నచో విసుగో మనస్తాపమో అని గ్రహింపవలెను. తెలుగున మాత్రము నిబ్బరము చెదరుట, తనపై తనకు నమ్మకము సడలుట అను అర్థము బలపడినది.

1518 నుండి 1687 వరకు గోలకొండను కుతుబ్‌షాహీలు ఏలిరి. వారి కాలమునను, పిదప మొగలాయి, ఆసఫ్‌జాహీ ఏలుబడులలోను పారసీకము చిరకాలము దర్బారు భాషగా నిలిచినది. ఫిర్యాదు, ఖజానా, దస్తావేజు వంటి మాటలు ఆ భాష వెంట వచ్చినవే. తెలుగున కలసిన అన్యదేశ్యములు ఎంతగా పెరిగినవనగా, సి. పి. బ్రౌను 1854లో వాటికై ప్రత్యేకముగ ఒక నిఘంటువునే వెలువరించెను. దస్తావేజు కచేరీకి పరిమితము కాగా, బేజారు వంటింటివరకు వచ్చినది.

వచ్చిన మాటను తెలుగు తనదిగా చేసికొన్నది. పారసీక ధ్వనికి మన ‘జ’కారము నిచ్చినది, హల్లుతో ముగియు పదమునకు చివర ఉకారము చేర్చినది. అంతకంటె ముఖ్యముగ, ‘ఎత్తు’ అను క్రియను జత చేసినది. హడలెత్తుట, చిర్రెత్తుట, వెర్రెత్తుట అనునవి ఈ కోవలోనివే. సముద్రము పోటెత్తును. పోటు వెనుక ఆటు తప్పదు గదా!

పిరికితనము స్వభావమునకు వేసిన ముద్ర. బేజారు మనిషిలో పుట్టుకతో ఉన్నది కాదు. ఒక కారణముచే హఠాత్తుగా పైకెత్తునది. ధరలు విన్న గృహస్థునకైనను, సభ నెదుర్కొన్న కొత్త వక్తకైనను ఇది కలుగవచ్చును. పైకెత్తినది దిగిపోవుటయు సహజము.

కావున పరీక్షనుండి తలవంచుకొని వచ్చిన కుమారుని పిలుచునపుడు ఏ మాట వాడుచున్నామో ఒక క్షణము యోచింపవలెను. మొదటి మాట వానికి పేరై నిలిచిపోవచ్చును. రెండవ మాట రేపటి పరీక్షకు దారి విడిచియుంచును.