కోతి పంజా ఖరీదు

ఇంగ్లీషు రచయిత డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన 'ది మంకీస్ పా' కథలో మూడు కోరికలు తీర్చే ఎండిన కోతి పంజా ఒకటుంది. దానికి మంత్రం వేసింది ఇండియాలోని ఓ ముసలి ఫకీరని, ఇక్కడ పనిచేసి వెళ్ళిన సిపాయి చెబుతాడు. ఇంటాయన రెండు వందల పౌన్లు కోరతాడు. మర్నాడే కొడుకు ఫ్యాక్టరీ యంత్రంలో చిక్కుకుని చనిపోతాడు. మా బాధ్యతేమీ లేదంటూనే కంపెనీవాళ్ళు సరిగ్గా అంత డబ్బూ పంపుతారు.

ఆ లెక్క ఫకీరుది కాదని నాకనిపిస్తుంది. బ్రిటన్‌లో 1897 కార్మిక నష్టపరిహార చట్టం, పనిలో చనిపోయిన మనిషి మీదే పూర్తిగా ఆధారపడ్డవాళ్ళకి మూడేళ్ళ జీతం ఇవ్వమంది. 150 పౌన్లకి తగ్గకూడదు, 300కి మించకూడదు. శాపమని మనం వణికే అంకె ఆ రెంటి మధ్యే ఉంది.

ఇక మన ఫకీరు సంగతి. మా తిరుపతి వైపు కోరికకు ముడుపు కడతారు. పసుపుగుడ్డలో రూపాయి బిళ్ళ మూటగట్టేటప్పుడే మా అవ్వ మొక్కు చెప్పేసేది, ఫలానాది జరిగితే కొండకొచ్చి తలనీలాలిస్తానని. ధర ముందే తెలుసు, చెప్పిందీ తనే. (కోరేది మొగుడి కోసమో కొడుకు కోసమో, పోయేది తన జుట్టు. అది ఇంకో వ్యాసం.) పంజా అలా కాదు, ధర దాచిపెడుతుంది.

కథలో తల్లికి ఆ ధర తెలిసొచ్చింది. అయినా కొడుకు బతికి రావాలని పట్టుబట్టి రెండో కోరిక కోరిస్తుంది. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. పై గడియ అందక ఆవిడ కుర్చీ లాక్కుంటుంది. ఆలోగా భర్త చీకట్లో పంజా తడుముకుని మూడో కోరిక కోరేస్తాడు. తలుపు తీసేసరికి వీధి ఖాళీ. ఏం కోరాడో ఆయన ఆవిడకు చెప్పినట్టు కథలో లేదు.