నలుగురు పిల్లలు పెట్టిన జట్టు

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లల్ని ఒకసారి అడిగాము. "మన ఊరి వాలీబాల్ జట్టును మొదట పెట్టింది ఎవరు?" పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీ నుంచి ఒకడు "పెద్దోళ్లు సార్" అన్నాడు. ఏ పెద్దోళ్లు అంటే జవాబు లేదు. జట్టు ఉంది, నెట్టు ఉంది, పంచాయతీ ఆఫీసు బీరువా మీద దుమ్ము పట్టిన రెండు కప్పులు ఉన్నాయి. పెట్టినవాళ్ల పేర్లు మాత్రం లేవు.

ఆ రోజు పిల్లలకు చెప్పిన కథనే ఇక్కడ రాస్తున్నాము. ఇది మన దేశం కథ కాదు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరం కథ, అక్కడి రేంజర్స్ ఫుట్‌బాల్ క్లబ్ కథ. ఈ రోజు ఆ క్లబ్‌కు ఐబ్రాక్స్ అనే పెద్ద స్టేడియం ఉంది. ఆట రోజున దాదాపు యాభై వేల మంది కూర్చుంటారు. అంత పెద్ద క్లబ్ కూడా తనను పెట్టినవాళ్లలో ఒకడి సమాధి ఎక్కడుందో చాలా కాలం పట్టించుకోలేదు. తాను పుట్టిన సంవత్సరాన్ని కూడా దశాబ్దాల పాటు తప్పుగా చెప్పుకుంది. అందుకే ఈ కథ మనకు పనికొస్తుందని అనుకున్నాము.

1872 వసంత కాలం. గ్లాస్గోలో వెస్ట్ ఎండ్ పార్క్ అని ఒక తోట ఉండేది. ఇప్పుడు దాన్ని కెల్విన్‌గ్రోవ్ పార్క్ అంటారు. ఆ తోటలో నడుస్తూ నలుగురు స్నేహితులు మనం కూడా ఒక ఫుట్‌బాల్ జట్టు పెడదామని మాట్లాడుకున్నారు. వాళ్లు పీటర్ మెక్‌నీల్, అతని తమ్ముడు మోజెస్ మెక్‌నీల్, పీటర్ క్యాంప్‌బెల్, విలియం మెక్‌బెత్. అందరికంటే పెద్దవాడికి పదిహేడేళ్లు, చిన్నవాళ్లకు పదిహేను. అంటే మన బడుల్లో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లల వయసు.

వీళ్లెవరూ గ్లాస్గోలో పుట్టినవాళ్లు కారు. మెక్‌నీల్ అన్నదమ్ములు, క్యాంప్‌బెల్ గేర్‌లాక్ ఒడ్డు నుంచి వచ్చారు. కొండల మధ్యకు సముద్రం పాయలాగ చొచ్చుకొచ్చిన చోటు అది. మెక్‌నీల్ సోదరుల తండ్రి అక్కడ ఒక దొరగారి బంగళాలో తోటమాలి. క్యాంప్‌బెల్ తండ్రి ఆవిరి పడవ నడిపేవాడు. మెక్‌బెత్ క్యాలండర్ అనే ఊరివాడు. తండ్రి పోయాక తల్లితో పాటు నగరానికి వచ్చాడు. పల్లె నుంచి పట్నానికి పని కోసం, చదువు కోసం వచ్చినవాళ్లకు సాయంత్రాలు ఎంత ఒంటరిగా ఉంటాయో హాస్టల్లో చదివిన మాకు తెలుసు. వాళ్లకు ఆ ఒంటరితనం పోగొట్టింది బంతి అని మా ఊహ. ఊహ అనే చెబుతున్నాము, ఇది కాగితంలో ఉన్న మాట కాదు.

అప్పటికి స్కాట్లండ్‌లో ఫుట్‌బాల్ సంఘం కూడా పుట్టలేదు. అది 1873 మార్చిలో ఏర్పడింది. రెండు దేశాల మధ్య జరిగిన మొదటి ఫుట్‌బాల్ పోటీగా చెప్పే స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆట 1872 నవంబర్ 30న గ్లాస్గోలోనే జరిగింది. ఎవరూ గోల్ చేయలేదు. ఆ ఆట కంటే ముందే ఈ నలుగురూ జట్టు పెట్టేశారు.

పేరు సంగతి తమాషాగా ఉంటుంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఏటా అచ్చయ్యే ఒక ఫుట్‌బాల్ పుస్తకాన్ని మోజెస్ తిరగేస్తుంటే, అందులో ఒక రగ్బీ జట్టు పేరు రేంజర్స్ అని కనిపించింది. ఆ పేరు నచ్చి పెట్టేసుకున్నారు. ఏ గొప్ప అర్థమూ వెతకలేదు. మన కుర్రాళ్లు క్రికెట్ జట్టుకు సూపర్ కింగ్స్ అని పెట్టుకున్నట్టే.

సొంత మైదానం లేదు. క్లైడ్ నది పక్కన గ్లాస్గో గ్రీన్ అనే ఊరుమ్మడి మైదానం, దానిలో ఫ్లెషర్స్ హా అనే చోటు. అక్కడ ఎవరు ముందు వస్తే వాళ్లదే జాగా. అందుకని పీటర్ మెక్‌నీల్ అందరికంటే ముందే వెళ్లి గోలు కర్రలు పాతి, మిగతావాళ్లు వచ్చేదాకా అక్కడే కాపలా ఉండేవాడు. ఈ ఒక్క వివరం కోసమే మాకు ఈ కథ నచ్చింది. ఏ జట్టులోనైనా ఇలాంటివాడు ఒకడుంటాడు. నెట్టు కట్టేది వాడే, సున్నం గీసేది వాడే, ఆట అయ్యాక బంతి వెతికేది వాడే. కప్పు ఫోటోలో మాత్రం చివర నిలబడతాడు, లేదా అసలు కనిపించడు.

మొదటి ఆట 1872 మే నెలలో క్యాలండర్ అనే జట్టుతో జరిగింది. గోలు లేకుండా ముగిసింది. చాలామంది రోజూ వేసుకునే బట్టల్లోనే ఆడారు. ఆ రోజు అందరికంటే బాగా ఆడింది విలియం మెక్‌బెత్ అని చెబుతారు. ఎంత ఆడాడంటే, ఆ అలసటకు వారం పాటు మంచం దిగలేదట. తర్వాతి ఆటలో క్లైడ్ అనే జట్టు మీద 11 గోల్స్ చేసి గెలిచారు. ఐదేళ్లు తిరక్కుండానే, 1877లో, స్కాటిష్ కప్ ఫైనల్‌కు చేరారు. వేల్ ఆఫ్ లెవెన్ జట్టుతో రెండుసార్లు సమంగా ఆడి, మూడోసారి 3–2 తేడాతో ఓడిపోయారు. మోజెస్ 1876లో వేల్స్ మీద స్కాట్లండ్ తరఫున ఆడాడు. రేంజర్స్ నుంచి దేశం జట్టుకు వెళ్లిన మొదటివాడు అతనే.

ఇక్కడి దాకా చెబితే పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాతి కథకు చప్పట్లు లేవు.

పీటర్ క్యాంప్‌బెల్ ఓడల్లో ఇంజనీరుగా చేరాడు. 1883 జనవరి చివర వేల్స్ తీరం నుంచి బొగ్గు నింపుకొని మన బొంబాయికి బయల్దేరిన సెయింట్ కొలంబా అనే ఓడలో ఉన్నాడు. ఫ్రాన్స్ పక్కన బిస్కే అఖాతంలో ఓడ మునిగిపోయింది. అతనికి సమాధే లేదు. పీటర్ మెక్‌నీల్ క్లబ్‌కు చాలా ఏళ్లు పనిచేశాడు, ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు. అన్నదమ్ములు కలిసి ఆట సామాన్ల దుకాణం పెట్టారు, అది నిలబడలేదు. చివరికి మతి చలించి 1901లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. అందరికంటే ముందు వెళ్లి గోలు కర్రలు పాతినవాడు ఇతనే.

విలియం మెక్‌బెత్ బట్టల వ్యాపారంలో పనిచేశాడు, ఊళ్లు తిరిగాడు, ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఏదీ కలిసి రాలేదు. చివరికి లింకన్ పట్నంలో వర్క్‌హౌస్‌కు చేరాడు. దిక్కులేని పేదలను పెట్టి, తిండికి పని చేయించుకునే చోటు అది. అక్కడి రికార్డులో అతన్ని మతి తక్కువవాడని రాసుకున్నారు. 1917లో అక్కడే చనిపోయాడు. పేదలను పాతిపెట్టే గుంటలో, రాయి లేకుండా, పేరు లేకుండా పూడ్చారు. మొదటి ఆటలో అందరికంటే బాగా ఆడినవాడు అక్కడున్నాడని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

ముసలితనం చూసింది మోజెస్ ఒక్కడే. తాను పుట్టిన గేర్‌లాక్ ఒడ్డుకే తిరిగి వెళ్లి 1938లో, 82 ఏళ్లకు కన్నుమూశాడు. పోయే ముందు కొన్నేళ్ల క్రితం ఒక పత్రికకు తన జ్ఞాపకాలు చెప్పాడు. జట్టు పేరు ఎలా వచ్చిందో మనకు తెలిసింది ఆ మాటల వల్లనే. అడిగినవాడు ఒకడుండబట్టి ఆ సంగతి మిగిలింది.

ఇక పుట్టిన సంవత్సరం గొడవ. విలియం డన్‌లాప్ అని ఆ జట్టులోనే ఆడిన మనిషి 1881 ప్రాంతంలో, జట్టు పుట్టి పదేళ్లు కూడా కాకముందే, తొలినాళ్ల చరిత్ర రాశాడు. ట్రూ బ్లూ అనే మారుపేరుతో రాశాడు. ఆ నలుగురినీ ధైర్యంగా దారి వేసినవాళ్లని మెచ్చుకున్నాడు. అందులో ఉన్నది 1872. కాని 1923లో జాన్ అలన్ అనే రచయిత యాభై ఏళ్ల చరిత్ర పుస్తకం వేస్తూ, పేరులోనే 1873 నుంచి 1923 దాకా అని అచ్చు వేశాడు. 1873లో క్లబ్ సమావేశం పెట్టుకొని పదవులకు మనుషులను ఎన్నుకుంది కాబట్టి ఆ ఏడుకూ ఒక ఆధారం ఉంది. కాని ఆట ఆడింది అంతకు ముందే. అచ్చులో ఒకసారి పడ్డాక అదే నిజమైపోయింది. నూరేళ్ల పండుగ 1973లో చేశారు. ముసలి మోజెస్ చెప్పిన మాట కంటే అచ్చు పుస్తకానికే బలం ఎక్కువైంది.

2009లో గ్యారీ రాల్‌స్టన్ అనే పాత్రికేయుడు ఆ నలుగురి మీద పుస్తకం రాశాడు. డన్‌లాప్ వాళ్లను మెచ్చుకున్న ఆ మాటనే పుస్తకానికి పేరుగా పెట్టాడు. జనాభా లెక్కలు, మరణాల రిజిస్టర్లు, పాత పత్రికలు, వర్క్‌హౌస్ పుస్తకాలు వెతికాడు. మెక్‌బెత్ లింకన్‌లో ఉన్నాడని ఆ కాగితాలు చెప్పాయి. తర్వాత అభిమానులే ఫౌండర్స్ ట్రెయిల్ అని ఒక యాత్ర మొదలుపెట్టారు. జట్టు గురించి మాట్లాడుకున్న తోట, మొదటి ఆట ఆడిన మైదానం, పాత ఆటస్థలాలు చూపిస్తూ కథ చెబుతారు. పాత ఆటగాళ్ల పాడైపోయిన సమాధులను బాగుచేయించడం కూడా వాళ్లే తలకెత్తుకున్నారు. లింకన్‌లో మెక్‌బెత్‌కు రాయి పెట్టించారు. ఇదంతా పెద్ద ఆఫీసు చేసిన పని కాదు, జీతం లేనివాళ్లు చేసిన పని. 2012లో క్లబ్‌ను నడిపే కంపెనీ దివాలా తీసి, జట్టు అట్టడుగు డివిజన్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో కూడా ఈ పని ఆగలేదు. 150 ఏళ్ల పండుగను క్లబ్ 2022లో చేసుకుంది. అంటే 1872 ఒప్పుకున్నట్టే కదా.

పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పాము, దాచలేదు. ఆ నలుగురు పిల్లలు పెట్టిన జట్టు, తర్వాత తర్వాత కాథలిక్ మతస్థులను ఆటగాళ్లుగా తీసుకోకూడదనే రాయని నియమంతో చాలా దశాబ్దాలు నడిచింది. 1989లో మో జాన్‌స్టన్‌ను తీసుకున్నప్పుడు గాని అది విరగలేదు. కొందరు అభిమానులు తమ కండువాలు తగలబెట్టారు. చరిత్రను కాపాడేవాళ్లు దీన్ని కూడా కాపాడాలి. మనల్ని బయట నిలబెట్టిన చరిత్రలు మనకు తెలుసు కాబట్టి, వేరేవాళ్లను బయట నిలబెట్టిన సంగతి కప్పిపుచ్చడం మనవల్ల కాదు.

కాగితం సంగతికి వస్తాము. స్కాట్లండ్‌లో పుట్టుక, చావు ప్రభుత్వ రిజిస్టర్లో రాయడం 1855లో మొదలైంది. మోజెస్ పుట్టింది ఆ ఏడే. అందుకే తోటమాలి కొడుకైనా అతని తేదీ దొరికింది. మా తరం టీచర్లలో సగం మంది పుట్టినరోజు జూన్ 1 లేదా జూలై 1. బడిలో చేర్చుకున్న హెడ్మాస్టరు గారు ఇచ్చిన పుట్టినరోజులు అవి. మా అమ్మను అడిగితే ఇప్పపూలు రాలే రోజులు అంటుంది. కాగితం మీద మాత్రం మేము తొలకరి వానల్లో పుట్టాము.

అలా అని మనకు జ్ఞాపకం లేదని కాదు. మన కోయల్లో పోయినవాళ్లకు రాయి పాతే ఆచారం ఎంత పాతదో చెప్పలేము. కొమరం భీం 1940లో నేలకొరిగిన తారీఖు గురించి పుస్తకాలు ఒక్క మాట మీద లేవు. జోడేఘాట్‌లో వర్ధంతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జరుగుతుంది. అక్కడికి వచ్చేవాళ్లు ఆకాశం చూసి వస్తారు. కాని ఆ రాళ్ల కింద ఎవరున్నారో చెప్పే ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

కథ అయ్యాక పిల్లలకు ఒక నోటు పుస్తకం ఇచ్చి పంపాము. మన జట్టు పెట్టింది ఎవరు, ఎప్పుడు, మొదటి నెట్టు ఎలా వచ్చింది, అడిగి రాసుకురమ్మన్నాము. వారం తర్వాత ముగ్గురి పేర్లు వచ్చాయి. ఒకాయన బతికే ఉన్నాడు, మేము రోజూ దాటే ఇల్లే. చింతపండు అమ్మిన డబ్బుతో నెట్టు కొన్నామని చెప్పాడట. ఏ సంవత్సరమో తెలియదు గాని, గోదారికి పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు అన్నాడు. పిల్లలే లెక్క కట్టారు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద 1986 ఆగస్టులో, కాబట్టి 1987.

రెండు రోజుల తర్వాత ఇంకో పిల్ల వచ్చింది. వాళ్ల నానమ్మ ఆ లెక్క ఒప్పుకోలేదట. నెట్టు వరదకు ముందే ఉంది, వరదలో కొట్టుకుపోతే రెండోది కొన్నారు, మొదటిదానికి డబ్బు ఇచ్చినవాడి పేరు వేరే అని చెప్పిందట. ఆ పేరు మా పుస్తకంలో లేదు. ఆ పిల్ల ఏం చేయాలి సార్ అని అడిగింది. రెండూ రాయమన్నాము, ఎవరు చెప్పారో కూడా పక్కన రాయమన్నాము. సాయంత్రం నానమ్మ దగ్గరికి మేము కూడా వెళ్తున్నాము.