స్లో నిలవని బండి: సూరత్‌లో కార్బొరేటర్ కాలం

ముంబై–అహ్మదాబాద్ రహదారికి దాదాపు నడుమ ఉన్న సూరత్‌లోనూ, దేశంలోని ఇతర నగరాలలో వలెనే, మోటారు మరమ్మతు వృత్తి 1980ల దాకా ప్రధానంగా రెండు కార్ల చుట్టూ తిరిగింది. వాటిలో ఒకటి ముంబైలోని కుర్లాలో తయారై, 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మారిన 1089 సీసీ ఫియట్ కాగా, రెండవది బెంగాల్‌లోని ఉత్తర్‌పారా నుంచి వచ్చిన 1489 సీసీ అంబాసిడర్. రెండింటికీ ప్రాణం కార్బొరేటర్, అనగా సన్నని గొంతు గుండా దూసుకుపోయే గాలి వల్ల పీడనం తగ్గినప్పుడు పెట్రోలును పీల్చి తుంపరగా కలిపే పరికరం.

యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజన్ ఆగకుండా తిరగడాన్ని ఐడ్లింగ్ అంటారు. గ్యారేజీ భాషలో అది ‘స్లో’. ఆ స్థితిలో థ్రాటిల్ రేకు దాదాపు మూసుకొని ఉండి గొంతులో గాలివేగం పడిపోవడం వల్ల మామూలు వేగంలో పెట్రోలును అందించే మెయిన్ జెట్ పనిచేయదు. ఇంజన్ కేవలం ఐడిల్ జెట్ అనే అతి సన్నని రంధ్రం మీద బతుకుతుంది. లోపలికి వెళ్లే గాలే కొద్దిపాటిది కనుక, రహదారి మీద తెలియనైనా తెలియని చిన్న గాలి లీకు సిగ్నల్ దగ్గర బండినంతా వణికిస్తుంది.

అందుచేత నిపుణుడైన మెకానిక్ మొదట కార్బొరేటర్ జోలికి పోడు. ప్లగ్గులకు విద్యుత్తును పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్ల ఎడం, అంబాసిడర్‌లోనైతే సుమారు 0.4 మిల్లీమీటర్లు, సరిగా ఉన్నదీ లేనిదీ చూసి, ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా పీకి, ఏ తీగ తీసినప్పుడు ఇంజన్ వేగం తగ్గదో ఆ సిలిండరే పనిచేయడం లేదని తేల్చుకుంటాడు. మసిబారిన ప్లగ్గు పెట్రోలు ఎక్కువైందనీ, తెల్లగా పాలిపోయినది తక్కువైందనీ చెబుతాయి. ఇంజన్‌లోకి మిశ్రమాన్ని పంపే మానిఫోల్డ్ గాస్కెట్ మీద నీళ్లు చిలకరించినప్పుడు ఇంజన్ శబ్దం మారితే గాలి చొరబడేది అక్కడే. మిశ్రమాన్ని మార్చే స్క్రూ తిప్పడం వీటన్నిటి తర్వాతి పని. దానినే ముందు తిప్పి అసలు లోపాన్ని కప్పిపుచ్చిన చేతులూ తక్కువేమీ కాదు.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించరాదని నిర్దేశించడంతో మెకానిక్ చెవి తీర్పుకు పొగను కొలిచే యంత్రం తీర్పు తోడైంది. ఈ రెండూ ప్రతిసారీ ఏకీభవించవు, ఎందుకంటే కొంచెం పెట్రోలు ఎక్కువైన మిశ్రమంతోనే పాత ఇంజన్ మృదువుగా పలుకుతుంది.

స్లోను చెడగొట్టే జబ్బుల్లో నీరూ ఒకటి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తపతి నది పొంగి సూరత్ నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. పెట్రోలు కంటే బరువైన నీరు కార్బొరేటర్‌లో చేరితే, పెట్రోలు నిలువ ఉండే ఫ్లోట్ గిన్నె అడుగున, సరిగ్గా జెట్ పీల్చుకునే చోటనే నిలుస్తుంది. గిన్నె విప్పి తుడిస్తే ఆ జబ్బు నయమయ్యేదే. అంతకంటే మొండిది సీఎన్‌జీ తెచ్చిన జబ్బు. సముద్రగర్భపు వాయువు ఒడ్డుకు చేరే హజీరా పొరుగునే ఉన్న ఈ నగరంలో గ్యాసుకు మారిన పాత కార్లలో పెట్రోలు నెలల తరబడి కదలక, గిన్నెలోనే ఆవిరైపోయి, అడుగున బంకను మిగులుస్తుంది. ఆ బంకకు ముందుగా మూసుకుపోయేది అన్నిటికంటే సన్నని రంధ్రమైన ఐడిల్ జెట్టే.