భార్య, భర్త, పూచీకత్తు

గత వేసవిలో మావద్ద పూర్వము చదువుకొన్న యొక విద్యార్థిని తన భర్తతోను మామగారితోను మా యింటికి వచ్చినది. ఆమె నర్సుపని నేర్చి అమెరికాకు వెళ్లి, యేండ్ల తరబడి అచ్చట పనిచేసి, ఆ దేశపు పౌరసత్వమును పొందినది. మా మండలమునందలి యొక గ్రామమున సంప్రదాయ ప్రకారము ఆమె వివాహము జరిగినది. ఇక భర్తను తన యొద్దకు రప్పించుకొనవలెను. అందులకై ఐ-130 అను దరఖాస్తును తెచ్చినది. ఆమెకు ఆంగ్లము మాకంటె బాగుగనే వచ్చును, సందేహమంతయు మామగారిది. ఆ కాగితమున మొదట అర్జీదారు పేరునకు గడులును, తరువాత లబ్ధిదారు పేరునకు గడులును గలవు. "మావాడి పేరు రెండోచోటికి ఎందుకెళ్లిందండీ మాష్టారూ? మగవాడు కదా!" అని ఆయన యడిగెను. మేము నవ్వి యూరకుంటిమి గాని, ఆ ప్రశ్న మమ్ము విడువలేదు.

సంస్కృతము చదివినవారికి మాటల మూలము వెదకుట యొక వ్యసనము. 'భృ' ధాతువునుండి భర్త యేర్పడెను; భరించువాడు, పోషించువాడని యర్థము. ఆ ధాతువునుండియే భార్య, భరింపదగినది, పోషింపబడవలసినది. అనగా మన వ్యాకరణమే దంపతులలో నొకరిని పూచీదారుగను, రెండవవారిని పూచీ గొన్న వస్తువుగను జేసినది. అమెరికా చట్టమును ఇట్లే తలచును. 1996లో జేసిన చట్టము ప్రకారము దంపతులలో నొకరిని రప్పించుకొను వారు సర్కారునకు పోషణ హామీ పత్రము వ్రాసి యియ్యవలెను. ఆ దేశపు బీదరికపు పరిమితికి సాధారణముగా 125 శాతము ఆదాయము చూపవలెను. వివాహము రద్దయినను ఆ పూచీ తెగదు. వచ్చినవారు పౌరులగువరకో, నిర్ణీత కాలము పనిచేయువరకో, దేశము విడుచువరకో, మరణించువరకో అది నిలుచును. ఇంత గట్టి భరణబంధము మన ధర్మశాస్త్రకారులకును తట్టినదో లేదో!

అయితే అర్జీదారు గడిలో స్త్రీ పేరుండుట నిన్నమొన్నటి మాట. మొదటి తగవు అర్జీ యెవరు పెట్టుదురను దానిపై గాదు. వచ్చిన స్త్రీ అసలు భార్యయగునా కాదా యనుటపైననే నడచెను. అది మనవారికి బాగుగ దెలిసివచ్చినది దక్షిణాఫ్రికాలో.

1860 నవంబరులో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో యను నోడ దర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వరకు ఒక లక్షా యేబదివేలకు పైగా భారతీయులు కూలి యొప్పందముపై నేటాలునకు వెళ్లిరి. అందు మూడింట రెండు వంతులు మద్రాసునుండి వెళ్లినవారు. తమిళులతోబాటు తెలుగువారును బెక్కురు. ఒప్పందము తీరిన పిమ్మట అచ్చటనే కాపురములు నిలుపుకొనిరి. వారి వెనుక సొంత ఖర్చులతో వర్తకులును వెళ్లిరి. వీరిలో చాలమంది భార్యలు స్వదేశమున నుండిరి. భర్త నిలదొక్కుకొన్న పిమ్మట భార్య ఓడ యెక్కుట వాడుక.

1913 మార్చి 14వ తేదీన కేప్ రాష్ట్రపు న్యాయస్థానమున సర్ల్ అను న్యాయమూర్తి యొక తీర్పు చెప్పెను. హసన్ ఈసప్ అను నతని భార్య బాయి మరియమును దేశములోనికి రానిత్తురా లేదా యనునది వ్యాజ్యము. అచ్చటి వలస చట్టము స్థిరనివాసుల భార్యలను రానిచ్చును. కాని, బహుభార్యాత్వమును ఒప్పుకొను మతాచారము చొప్పున జరిగిన పెండ్లి చట్టము దృష్టిలో పెండ్లి కాదు, కావున నామె 'భార్య' యను మాటకు లోబడదని న్యాయమూర్తి నిర్ణయించెను. అతనికి ఒక్కతెయే భార్య యను సంగతి లెక్కకు రాలేదు. ఈ తర్కము ముస్లిములతో నాగునది గాదు. హిందువునకు నాడు బహుభార్యాత్వము నిషిద్ధము కాదు గనుక, ఏడడుగులు నడచిన స్త్రీయును ఆ దేశమున భార్య గాకుండబోయెను. ఆమె బిడ్డలకు వారసత్వము సందేహమే.

ఇచ్చట మేమొక మాట చెప్పక తప్పదు. ఆ తీర్పులో అన్యాయము గలదు. కాని మన యింటి యాచారమందలి యొక కీడే దానికి ఆధారమైనది. బహుభార్యాత్వమును మన సంస్కర్తలు ఖండించుచున్న కాలమునకు సముద్రమవతల నది యొక అమాయకురాలి యెదుట తలుపు మూసెను. ఒక వివాహమునకు చట్టము గుర్తింపు లేకున్న దెబ్బ తగులునది స్త్రీకే యనుట మనకు క్రొత్తయు గాదు. 1856లో వితంతు వివాహ చట్టమును, బ్రహ్మసమాజపు పెండ్లిండ్ల చెల్లుబాటును గూర్చిన తగవుపై 1872లో మూడవ చట్టమును వచ్చినవి యీ కారణముననే. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినపుడు, ఆ వధువును చట్టము ముందే భార్యగ నంగీకరించి యుండెను. బాయి మరియమునకు అట్టి యండ లేదు.

తీర్పు వచ్చిన పిమ్మట గాంధీగారు స్త్రీలను సత్యాగ్రహములోనికి రానిచ్చిరి. సెప్టెంబరులో ఫీనిక్సు ఆశ్రమమునుండి బయలుదేరిన పదునార్గురి జట్టులో కస్తూరిబాయిగారుండిరి. ట్రాన్స్‌వాలు సరిహద్దునొద్ద వారిని పట్టి మూడు నెలల కఠినశిక్ష వేసిరి. ట్రాన్స్‌వాలు స్త్రీలు, అధిక సంఖ్యాకులు తమిళులు, న్యూకాసిలు బొగ్గుగనులకు బోయి కూలీలను పని మానుడని ప్రబోధించిరి. గనులు ఆగినవి, వేలకొలది తెలుగు, తమిళ, హిందూస్థానీ కూలీలు నడకసాగించిరి. కారాగృహమున జ్వరము తగిలి విడుదలైన వల్లియమ్మ యను పదునారేండ్ల బాలిక 1914 ఫిబ్రవరిలో మరణించెను. ఆ యేడే వచ్చిన భారతీయుల ఉపశమన చట్టము ఒక భార్య గల వివాహములను గుర్తించెను; మన పురోహితులను వివాహాధికారులుగ నియమించుటకును, పెండ్లిని నమోదు చేయుటకును మార్గమేర్పరచెను. గనికూలీలు మూడు పౌనుల తలపన్ను పోవుటకై పని మానిరి. స్త్రీలు తాము భార్యలమని వ్రాయించుకొనుటకై చెరసాలకు బోయిరి. రెండును ఒక్క చట్టముననే దొరకినవి.

అమెరికా కథ వేరు. అచ్చట పెండ్లి నిజమేయైనను జాతి యడ్డువచ్చెను. 1923లో థిండ్ వ్యాజ్యమున భారతీయుడు పౌరుడగుటకు అర్హుడు కాడని తీర్పు వచ్చెను. మరుసటి యేడు అట్టివారు స్థిరనివాసమునకు రాగూడదని చట్టము వచ్చెను. 1923లోనే మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను చేరిరి. వైద్యశాస్త్రమున వారు చేసిన మేలు లోకమెరుగును. 1948లో మరణించువరకు వారు స్వదేశము చూడలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిరి. ఆ యెడబాటునకు చట్టమొక్కటియే కారణమని మేము చెప్పము, కాపురముల సంగతులు పరులకు దెలియవు. కాని ఆమె వెళ్లదలచినను, ఆ యిరువదియైదేండ్లలో ఎక్కువ భాగము స్థిరనివాసపు తలుపు మూసియే యుండెను. 1946లో నది కొంచెము తెరవబడెను: యేటికి నూరుగురు భారతీయులు! 1965 చట్టముతో జాతివారీ వంతులు పోయినవి.

అదే దేశమున 1924 చట్టము పౌరుని భార్యను వంతులతో పనిలేక రానిచ్చి, పౌరురాలి భర్తకు ఆ సౌకర్యము నియ్యలేదు. భార్య భర్తను వెంబడించును, భర్త భార్యను వెంబడింపడు అను భావము. ఈ భేదము పూర్తిగ దొలగినది 1952లో. బ్రిటనులో ఇంకను చిరకాలము నిలిచెను. స్థిరనివాసియగు పురుషుడు భార్యను రప్పించుకొనవచ్చును. అట్టి స్త్రీ భర్తను రప్పించుకొనుటకు అడ్డంకులు. భారతసంతతికి జెందిన అబ్దులజీజ్ అను నామెయు మరి యిద్దరు స్త్రీలును యూరోపు మానవహక్కుల న్యాయస్థానమున వ్యాజ్యము వేసి 1985 మేలో గెలిచిరి. స్త్రీపురుష భేదము చూపుట తప్పని న్యాయస్థానము చెప్పెను. బ్రిటిషు ప్రభుత్వము ఆ తీర్పును మన్నించిన విధము విచిత్రము: భర్తలకున్న కష్టము తీయుటకు బదులు భార్యలకును అదే కష్టము గలిగించి, యిప్పుడు సమానమనెను.

అంతకు ముందొక ఘోరము జరిగెను. 1979 జనవరిలో హీత్రో విమానాశ్రయమున, వివాహమాడుటకై వచ్చిన ముప్పదియైదేండ్ల భారతీయ ఉపాధ్యాయిని మాట నమ్మక, ఆమె కన్యయో కాదో తెలిసికొనుటకు వైద్యునిచే దేహపరీక్ష చేయించిరి. పత్రికలలో బయటపడగా ఆపివేసిరి. మన దేశమునందలి వారి కార్యాలయములలోను పదులకొలది స్త్రీలకు ఇట్లే జరిగినదని తరువాత దొరకిన సర్కారు కాగితములు చెప్పినవి. ఉపాధ్యాయవృత్తి యందున్న మాకు ఆ వార్త చదువుట కష్టమైనది.

పూచీదారు చేతిలో నుండు బలమును గూర్చి కొంచెము చెప్పవలెను. బూటకపు పెండ్లిండ్లను ఆపుటకని అమెరికాలో 1986లో నొక చట్టము జేసిరి. క్రొత్తగ పెండ్లియై వచ్చిన భార్యకు రెండేండ్లు షరతుతో గూడిన నివాసమే. గడువు తీరకముందు దంపతులిద్దరును కలిసి అర్జీ పెట్టవలెను. భర్త కొట్టువాడైన, సంతకము చేయననిన, ఆమె గతి యేమి? కొట్టు చేతినుండియే సంతకము కోరవలసివచ్చెను. 1990లో దెబ్బలు తిన్నవారికి ఆ సంతకము తప్పించిరి. 1994లో భర్త అర్జీ లేకయే తన యర్జీ తాను పెట్టుకొను హక్కు నిచ్చిరి. ఎనిమిదేండ్లు పట్టినది. ఉద్యోగపు వీసాపై వెళ్లిన మన పిల్లల వెంట పోయిన భార్యలకో, 2015 మే వరకు పనిచేయుటకే అనుమతి లేదు; ఆ పిమ్మటను భర్త స్థిరనివాసపు అర్జీ కొంతదూరము నడచినవారికి మాత్రమే. ఎమ్.ఏ., ఎమ్.టెక్. చదివిన యాడుపిల్లలు 'భార్య' యను పదమునకు ధాత్వర్థమును అనుభవముచే నేర్చుకొనిరి.

మరల మా యింటి సంగతి. దరఖాస్తు చదువగా, వివాహ ధ్రువపత్రము జతచేయవలెనని యున్నది. పెండ్లి ఫొటోలు రెండువందలున్నవి, పత్రము లేదు. మన రాష్ట్రమున 2002లోనే నమోదు నిర్బంధము చేసిరి; 2006లో సుప్రీముకోర్టు దేశమంతట అట్లు చేయవలెననెను. అయినను, బాజాలకు వేలు పోయువారు ఆ కాగితమును మరతురు. ఇంటి ఆడుపిల్ల పేరు ఎచ్చటను వ్రాయబడకపోవుట నష్టమని తోచనే తోచదు. మేము పెండ్లికి వెళ్లినవారమే గనుక సాక్షిగ వచ్చెదమంటిమి.

వారము దినములకు నమోదు కార్యాలయమున కలిసితిమి. అచ్చటి ఫారమున వరుని పేరు మొదట, వధువు పేరు తరువాత. మామగారు దానిని మాచే రెండుమారులు చదివించుకొని, "ఇది సరిగ్గా ఉందండీ" అనిరి. అల్లుడు నేల చూచుచు నవ్వుకొనెను. ఆ యమ్మాయి సంతకము చేసి, పత్రపు నకళ్లు నాలుగు కావలెనని గుమాస్తాతో చెప్పి, పోషణ హామీకి తన జీతపు కాగితములలో ఏ సంవత్సరపువి జతచేయవలెనో మాతో కలిసి చూచుటకు బల్ల దగ్గరకు కుర్చీ జరుపుకొన్నది.